కట్టమీది కథ, ఊరి చరిత్ర: స్థానిక చరిత్ర బోధనలో ఐతిహ్యముల వినియోగము

ప్రమాణములను చర్చించిన శాస్త్రగ్రంథములలో ఐతిహ్యమునకు ఉదాహరణముగా చూపబడు మాట ఒకటి కలదు. ఈ మర్రిచెట్టుమీద యక్షుడు నివసించుచున్నాడని పెద్దలు చెప్పుదురు, అనునదే ఆ మాట. సాంఖ్యతత్త్వకౌముదిలో వాచస్పతిమిశ్రుడు ఈ ఉదాహరణమునే గ్రహించి, చెప్పినవాడెవడో నిర్దేశింపబడలేదు గనుక ఇందు సందేహమునకు తావున్నదనియు, చెప్పినవాడు ఆప్తుడని నిశ్చయమైనచో ఇది ఆగమమే యగును గాని వేరొక ప్రమాణము కాదనియు తేల్చినాడు. న్యాయసూత్రములలో ద్వితీయాధ్యాయ ద్వితీయాహ్నికము ఆరంభముననే ఐతిహ్యము ప్రస్తావనకు వచ్చి, శబ్దములో అంతర్భవించునని నిర్ణయింపబడినది. వాత్స్యాయనుడు ఐతిహ్యమును వక్త ఎవరో నిర్దేశింపబడని ప్రవాద పరంపరగా వివరించినాడు.

ప్రాచ్య కళాశాలలలో ఈ సందర్భమును ఏటేట పాఠముగా చెప్పు అధ్యాపకులు ఎందరో కలరు. అయినను అందులోని ఒక విశేషముపై దృష్టి నిలిచినట్లు కనబడదు. శాస్త్రకారులు ఐతిహ్యమునకు ఎన్నుకొన్న ఉదాహరణము ఏ రాజవంశ చరిత్రకో, ఏ మహర్షి వృత్తాంతమునకో చెందినది కాదు. అది ఊరిచివర చెట్టును గురించిన కథ, నేటి వాడుకలో చెప్పవలెనన్న దెయ్యపు కథ. దానిని వారు పరిహసించి త్రోసివేయలేదు. దాని లోపమెక్కడనున్నదో మాత్రము గుర్తించినారు. వక్త నిర్దేశము లేకపోవుటయే ఆ లోపము. నేటి జానపద విజ్ఞాన పరిశోధకుడు క్షేత్రమునకు వెళ్లి, కథ చెప్పినవారెవరు, వారి వయస్సెంత, వృత్తి యేమి, వారికి ఎవరు చెప్పినారు అని వ్రాసికొనునపుడు చేయుచున్న పని ఈ లోపమును పూరించుటయే. అట్లు వక్త తెలిసినంత మాత్రమున చెట్టుమీద యక్షుడున్నాడని సిద్ధింపదు. ఆ ఊరిలో ఎవరు, ఎప్పుడు, ఎందులకు అట్లు చెప్పుకొన్నారో సిద్ధించును. స్థానిక చరిత్రకు కావలసినది ఈ రెండవదియే.

విద్యార్థికి విజయనగర రాజుల వంశక్రమము కంఠస్థమై యుండును. తన ఊరి చెరువును ఎవరు త్రవ్వించినారో, దాని కట్టకు ఎక్కడ గండి పడినదో, కట్టమీది రాతికి ప్రతి సంవత్సరము పసుపుకుంకుమలు ఎందులకు పెట్టుదురో అతనికి తెలియదు. తెలిసినను, అది పాఠమునకు చెందిన జ్ఞానమని అతడు భావింపడు. ఈ ఎడబాటును తొలగించుటకు ఐతిహ్యము ఉపకరించునా, ఉపకరించినచో ఏ హద్దులలో, అను ప్రశ్నను తెలుగు సాహిత్య విద్యార్థులకు పరిచితమైన ఒక కథను ఆధారముగా చేసికొని పరిశీలింపవచ్చును. ఆ కథ ముసలమ్మది.

కట్టమంచి రామలింగారెడ్డి (1880–1951) మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా ఉన్నపుడు, 1899లో, అచ్చటి ఆంధ్ర భాషాభిరంజని సమాజము నిర్వహించిన పోటీకై ‘ముసలమ్మ మరణము’ను రచించినారు. మరుసటి సంవత్సరము అది ప్రకటితమైనది. నవ్యకవిత్వమునకు నాందియను గౌరవము దానికి సాహిత్య చరిత్రలో దక్కినది. బ్రౌను దొర ప్రకటించిన అనంతపుర చరిత్రలోని వృత్తాంతము దీనికి ఆధారమని విమర్శకులు చెప్పుదురు. కథ సుప్రసిద్ధము. ఎడతెగని వానలకు చెరువు నిండి కట్ట తెగుటకు సిద్ధమైనది. గ్రామపెద్దయైన బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిగా ఇచ్చినచో కట్ట నిలుచునని గ్రామదేవత పలికినది. ఆమె అత్తమామల వద్ద, భర్త వద్ద, బిడ్డ వద్ద సెలవు తీసికొని తానై నీటిలో ప్రవేశించినది. ఊరు నిలిచినది.

తరగతిలో ఈ కావ్యమును బోధించునపుడు కరుణరసము, పాత్రపోషణము, విషాదాంతము, పాశ్చాత్య ప్రభావము అను విషయములు చర్చకు వచ్చును. అవి అవసరములే. కాని ఆ చెరువు కావ్యలోకములోనిది కాదు. అనంతపురమునకు ప్రక్కనే బుక్కరాయసముద్రములో నేటికిని కలదు. కట్టమీద ముసలమ్మ పేర ఒక తావు కలదు, పూజయు కలదు. ఆ ప్రాంతపు విద్యార్థి కావ్యమును చదివిన తరువాత కట్టమీదికి వెళ్లకపోవుటయో, కట్టమీదికి వెళ్లి కావ్యమును మాత్రమే తలచుకొని తిరిగివచ్చుటయో జరుగుచున్నది. రెండింటిని కలిపి ప్రశ్నించుట నేర్పినచో అదియే స్థానిక చరిత్ర పాఠమగును.

మొదట కాలమును గూర్చి. పండమేరు వాగుకు అడ్డముగా కట్టవేసి ఈ చెరువును బుక్కరాయల మంత్రియగు చిక్కవొడెయరు 1364 ప్రాంతమున నిర్మించినాడనియు, చెరువునకు ఇరుప్రక్కల వెలసిన ఊళ్లకు రాజు పేరున బుక్కరాయసముద్రమనియు, తన భార్య అనంతమ్మ పేరున అనంతసాగరమనియు పేర్లు పెట్టినాడనియు చెప్పుదురు. అనంతపురమను పేరు ఈ రెండవ పేరునుండియే వచ్చినది. ఇక బ్రౌను 1853లో ఆంగ్లానువాదముతో వెలువరించిన అనంతపుర చరిత్ర తెలుగు మూలము సుమారు 1750–1810 మధ్య వ్రాయబడినదని ఆయనయే పేర్కొన్నారు. అనగా నిర్మాణమునకు, లిఖిత కథకు నడుమ నాలుగు శతాబ్దముల ఎడమున్నది. గండి ఎప్పుడు పడినదో కథ చెప్పదు. విద్యార్థి ముందుగా గుర్తింపవలసినది ఈ మౌనమును.

రెండవది కథాసామ్యమును గూర్చి. కన్నడ జానపదులలో ‘కెరెగె హార’ అను కథాగేయము ప్రసిద్ధము. అందును చెరువున నీరు పడదు. అందును గ్రామపెద్ద చిన్నకోడలే, భాగీరథియను ఆమె, ఆహుతియగును. అందును పుట్టింటివారి వద్ద, అత్తింటివారి వద్ద వీడ్కోలు ఘట్టములున్నవి. దూరమునకు పోయినచో, వుక్ కారాజిచ్ సేకరించిన సెర్బియా గాథలో స్కాదర్ కోట గోడ నిలుచుటకు ముగ్గురు సోదరులలో కడపటివాని ఇల్లాలిని గోడలో మూసివేయుదురు. రుమేనియాలో మనోలె అను శిల్పి కథ ఇట్టిదే. ఇట్టి గాథలపై వెలువడిన వ్యాసములను ఆలన్ డండిస్ 1996లో ఒక సంపుటముగా కూర్చినారు. అనేక దేశములలో ఒకే చట్రముతో కనబడు కథ ఒక ఊరిలో ఒకనాడు జరిగిన సంఘటనకు సాక్ష్యము కాజాలదు. చిన్నకోడలను ఎన్నుకొనుట, వీడ్కోలు, బిడ్డ, ఇవన్నియు కథాచట్రమునకు చెందినవి. వీనిని బుక్కరాయసముద్రపు చరిత్రగా బోధించుట పొరపాటు.

అట్లని కథను ప్రక్కకు నెట్టవలసిన పనిలేదు. చట్రమును వేరుచేసిన తరువాత మిగులునది ఏమి అని అడుగవలెను. మిగులునది స్థానికము. చెరువు పేరు, గండి పడిన తావు, గ్రామపెద్దరికము ఏ కులము చేతిలోనున్నదను సూచన, పలికిన దేవత పేరు, పూజ జరుపువారు, నైవేద్యము, ఇవి సెర్బియానుండి వచ్చినవి కావు. ‘ముసలమ్మ’ అను పేరే ఆలోచింపదగినది. చిన్నకోడలికి, చంటిబిడ్డ తల్లికి ఆ పేరు వినుటకు వింతగా ఉండును. తెలుగునాట ముసలమ్మ అను పేర గ్రామదేవతలు పలుతావుల కలరు. కట్టమీద అంతకుముందే వెలసియున్న దేవత పేరునకు ఉపపత్తిగా ఈ కథ అల్లబడినదేమో అని ఊహించుట అనుచితము కాదు. ఇది ఊహ మాత్రమే. ఆమె పేరింటి నామమే కావచ్చును, దేవతగా కొలువబడినది తరువాత కావచ్చును. ఏది ముందో నిర్ణయించుటకు ఎట్టి ఆధారములు కావలెనని విద్యార్థిని అడుగుట, నిర్ణయమును చెప్పి వ్రాయించుటకంటె మేలైన పాఠము.

ఇచ్చట సంస్కృత విద్యార్థికి ప్రత్యేకముగా ఉపకరించు సాధనమొకటి కలదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని నామాంతరము కలవాడు, ఆ చెరువును నిర్మించి అనంతరాజసాగరమని పేరుపెట్టినాడు. శాసనము శక సంవత్సరము 1291, సౌమ్య, అనగా క్రీ.శ. 1369 నాటిది, సంస్కృత శ్లోకమయము. బుక్కరాయసముద్రపు నిర్మాణముగా చెప్పబడు కాలమునకు ఇది అయిదేండ్ల తరువాతిది మాత్రమే. రాజ్యమొక్కటే, సీమ యొక్కటే, పనియు ఒక్కటే. ఇందు తటాక నిర్మాణమునకు పండ్రెండు అంగములు, ఆరు దోషములు చెప్పబడినవి. ధర్మపరుడును ధనవంతుడును అగు రాజు, జలశాస్త్రమెరిగిన బ్రాహ్మణుడు, గట్టి మట్టినేల, మూడు యోజనముల దూరమునుండి వచ్చు తీపినీటి నది, ఆ నదిని తాకు కొండ, ఆ కొండ భాగముల నడుమ అతిదీర్ఘము కాని దృఢమైన రాతికట్ట, లోతును వైశాల్యమును గల గర్భము, సూటియైన పొడవు రాళ్లు దొరకు గని, నిర్మాణ నిపుణులగు పనివారి సమూహము మున్నగునవి అంగములు. కట్టనుండి నీరు ఊరుట, చవిటినేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ మెరక యుండుట, నీరు కొద్దియై నేల పెద్దదగుట, నేల కొద్దియై నీరు ఎక్కువగుట అనునవి దోషములు. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు పనిచేసినట్లు కూడ శాసనము చెప్పుచున్నది.

ఈ జాబితాలో బలి లేదు. కట్ట నిలుచుటకు కావలసినవి మట్టి, రాయి, నది, కొండ, నేర్పరులగు మనుష్యులు. కట్ట తెగుటకు కారణములలో మొదటిది నీరు ఊరుట. కథను, శాసనమును ఎదురెదురుగా పెట్టి చదివించినపుడు విద్యార్థికి రెండు స్వరములు వినవచ్చును. ఒకటి చెరువు కట్టించినవారి స్వరము. రెండవది కట్టక్రింద బ్రదికినవారి స్వరము. కట్టించినవాడు పుణ్యమును, కీర్తిని లెక్కించినాడు. కట్టక్రిందివాడు ప్రతి వానకారులో తెగునేమో అను భయముతో రాత్రులు గడపినాడు. అనంతపుర ప్రాంతమున సాలుసరి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అట్టిచోట నిండిన చెరువు తెగుట అనగా ఆ రాత్రి ఇండ్లు కొట్టుకొనిపోవుట మాత్రమే కాదు, మరుసటి ఏడాది తిండి కొట్టుకొనిపోవుట. శాసనములో ఈ భయమునకు చోటు లేదు. కథలో ఉన్నదంతయు అదియే.

అయితే శాసనమును నమ్మి బలి వట్టి కల్పన అని ముగించుటకు వీలులేదు. కృష్ణదేవరాయల కాలమున, 1520 ప్రాంతమున, విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ నాగలాపురము దాపున నిర్మాణములో నున్న పెద్ద చెరువును వర్ణించినాడు. పదునైదు ఇరువది వేలమంది చీమలవలె పనిచేయుచుండుటను తాను చూచినట్లు వ్రాసినాడు. ఆ కట్ట రెండు మూడు మారులు తెగగా రాజు బ్రాహ్మణులను కారణమడిగినాడనియు, వారు బలి కావలెనని చెప్పగా అరువదిమంది మనుష్యులను, కొన్ని గుర్రములను, దున్నలను వధింపజేసినాడనియు కూడ పేర్కొన్నాడు. 1535 ప్రాంతమువాడగు ఫెర్నాఁవ్ నూనిజ్ కూడ ఈ విషయమును చెప్పి, చంపబడినవారు మరణశిక్షకు తగిన బందీలని వివరించినాడు. ఈ రెండు వృత్తాంతములను రాబర్ట్ సూయెల్ 1900లో ఆంగ్లమున వెలువరించినారు. పనిని పాయెస్ స్వయముగా చూచినాడు. వధను చూచినట్లు చెప్పలేదు, విన్నట్లు గ్రహింపవలెను. పరదేశీయుడు, పరమతస్థుడు వ్రాసిన దానిని ఎంతవరకు గ్రహింపవచ్చునో తరగతిలో చర్చింపవలసినదే. అయినను ఇద్దరు యాత్రికులు, ఒకే తరములో, ఒకే చెరువును గూర్చి చెప్పిన మాటను కేవలము దురభిప్రాయమని కొట్టివేయుట చరిత్రకారుని లక్షణము కాదు.

ఇప్పుడు కథను మరల చూడవలెను. యాత్రికుల వ్రాతలో బలియైనవారు బందీలు. వారి పేర్లు లేవు, వారి సమ్మతి ప్రశ్నయే లేదు. ఊరి కథలో బలియైనది పెద్దింటి కోడలు. ఆమెకు పేరున్నది, ఆమె తానై ఒప్పుకొన్నది. నిర్బంధము సమ్మతిగా మారినది, పేరులేనివారి చావు పేరున్న త్యాగముగా మారినది. బుక్కరాయసముద్రమున నరబలి జరిగినదని దీనివలన తేలదు. కాని అట్టి పనులు జరిగినవనియో, జరుగుననియో నమ్మిన సమాజము ఆ నమ్మకముతో కలిసి బ్రదుకుటకు ఎట్టి కథను చెప్పుకొన్నదో తేలును. చంపిన ఊరికంటె, త్యాగమును అందుకొన్న ఊరు తన్ను తాను సులభముగా సహింపగలదు.

దెయ్యపు కథలకు, పేరంటాళ్ల కథలకు గల భేదము ఇచ్చటనే స్పష్టమగును. తెలుగు గ్రామములలో అకాలమరణము పొందిన స్త్రీకి రెండు గతులు కలవు. చావునకు ఊరు ఒక అర్థమును కల్పింపగలిగినచో ఆమె పేరంటాలు అగును. గుడి, తిరునాళ్లు, పసుపుకుంకుమలు లభించును. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ ఇట్లు కొలువబడుచున్న పేరంటాళ్లలో మిక్కిలి ప్రసిద్ధ. అర్థము కల్పింపలేని చావు దెయ్యమగును. బావిలో పడినది, పురిటిలో పోయినది, అత్తింట ఏమైనదో ఎవరును పైకి చెప్పనిది చింతచెట్టుమీదికి చేరును. తీరని కోరిక అని జనులు చెప్పు కారణమునకు తరచుగా విచారణ జరుగని చావు అని అర్థము చెప్పికొనవచ్చును. గుడిలోని కథ ఊరు బిగ్గరగా చెప్పునది; చెట్టుమీది కథ గుసగుసగా చెప్పునది. చరిత్ర విద్యార్థికి రెండవదియే ఎక్కువ పని కల్పించును.

ఈ కారణముననే అధ్యాపకునిపై బాధ్యతయు హెచ్చు. ముసలమ్మ కథను త్యాగమహిమగా మాత్రమే బోధించినచో, ఇంటి కోడలి ప్రాణము ఊరి క్షేమమునకు చెల్లింపదగిన మూల్యమని తరగతిలోని బాలికలకు నేర్పినట్లగును. 1987 సెప్టెంబరులో రాజస్థానములోని దేవరాలలో జరిగిన సహగమన సంఘటన తరువాత అదే సంవత్సరము చేయబడిన సతీ నివారణ చట్టము, సహగమనమును కీర్తించుటను కూడ నేరముగా పరిగణించినది. సతీకల్లులను, పేరంటాళ్ల గుళ్లను పాఠ్యవిషయముగా స్వీకరించు అధ్యాపకుడు ఈ సంగతి మరువరాదు. కీర్తన వేరు, వివరణ వేరు. రామలింగారెడ్డిగారి కావ్యమును కూడ ఈ దృష్టితో చదివింపవచ్చును. ఆమె నిర్ణయమునకు ముందు ఊరిలో ఎవరెవరు నోరు విప్పినారు, ఎవరు విప్పలేదు అని వెదకుమన్నచో విద్యార్థులు కావ్యమును తప్పక రెండవమారు చదువుదురు.

ఇక పాఠము జరుగవలసిన చోటు చెరువుకట్టయే. గదిలో చెప్పిన దానికి అక్కడ రూపము కలుగును. కట్ట ఎచ్చట ఎత్తుగా, వెడల్పుగా ఉన్నదో, రాతికట్టుబడి ఎచ్చట మారినదో చూచినచో పాతగండి తావు తరచుగా తెలిసిపోవును. గండి మరల మరల ఒకేచోట పడుచుండెనని కథలు చెప్పును. వాగు పాతమార్గముమీద కట్ట నిలుచుచోట లోతెక్కువ, నీటి ఒత్తిడి ఎక్కువ. క్రింది ఇసుకపొరలనుండి నీరు ఊరుటకును వీలెక్కువ. పోరుమామిళ్ల శాసనము చెప్పిన మొదటి దోషము ఇదియే. మరవ చాలినంత వెడల్పు లేనిచో పెద్దవాన నాడు నీరు కట్టమీదుగా పొర్లి మట్టిని కోసికొనిపోవును. దేవత కోపముగా కథలో వినబడినది ఇట్టి స్థితి కావచ్చునని, ఆ తావును చూచినవానికి వేరుగా చెప్పనక్కరలేదు. తూము, మరవ, అలుగు, మత్తడి, కలుజు అను మాటలు ఏ ప్రాంతమున ఏవి వాడుకలో నున్నవో సేకరించినచో అది భాషాధ్యయనమును అగును. నీరు పారించు నీరుగంటి లేక నీరటి, మట్టిపని చేసిన వడ్డెరలు, చెరువు మరమ్మతుకై ఇచ్చిన దశబంధపు ఇనాములు, వీనిని అడిగి తెలిసికొనవలెను. కట్ట కథ ప్రతియూర గ్రామపెద్దనే నాయకునిగా చెప్పుటయు, మట్టిమోసినవారిని మరచుటయు గమనింపదగినది. వారి వాడలో అదే కథ వేరుగా వినబడునేమో అడిగి చూడనిదే తెలియదు.

కథలు సేకరించు విధానమును గూర్చి బిరుదురాజు రామరాజు, నాయని కృష్ణకుమారి మున్నగు పెద్దలు తెలుగున బాట వేసియున్నారు. దానిని ఇచ్చట విస్తరింప నవసరము లేదు. బోధనకు సంబంధించిన ఒక సూచన మాత్రము చేయవలసియున్నది. ఒకే కథను కనీసము ముగ్గురి వద్ద, వారిలో ఒక స్త్రీ, ఒకరు పెద్దరికము లేని వాడకు చెందినవారు అగునట్లు, విద్యార్థి వ్రాసికొనవలెను. మూడు పాఠములను సంస్కరించి ఒకటిగా కూర్చుట మన పండితులకు అలవాటైన పని. తాళపత్ర పరిష్కరణలో అది గుణము, ఇచ్చట దోషము. పాఠభేదమే ఇచ్చట సాక్ష్యము.

చెరువులు లేనిచోట సాధనములు వేరుగా ఉండును. గండికోటలో కత్తుల కోనేరున్నది. యుద్ధానంతరము కత్తులు కడుగగా నీరు ఎరుపెక్కినదని చెప్పుదురు. మీర్ జుమ్లా 1650 ప్రాంతమున ఆ దుర్గమును పట్టుకొనుట, 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియె అచ్చట అతనిని దర్శించుట లిఖిత చరిత్రలో కలవు. కనుక ఐతిహ్యమును పోల్చుటకు ఆధారము సిద్ధముగా నున్నది. బొబ్బిలి కథకు 1757 జనవరి 24 నాటి యుద్ధమును గూర్చి రాబర్ట్ ఆర్మ్ వ్రాసిన చరిత్రము అట్టి తోడు. హైదరాబాదులో 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ వద్ద చింతచెట్టు సుమారు నూట యేబదిమందిని కాపాడినదని చెప్పుదురు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నిలిచియున్నది. చింతచెట్టు అనగానే దెయ్యమును తలచు తెలుగువారికి ప్రాణదాతయైన చింతచెట్టు కథ మంచి ప్రతిపక్షము. రాయలసీమలో ధాత కరువని నేటికిని చెప్పుకొను 1876–78 నాటి క్షామమున రిచర్డ్ టెంపుల్ కూలీల దినబత్తెమును ఒక పౌను ధాన్యమునకు తగ్గించినాడు. ఆనాడు కరువుపనులు జరిగిన కట్టలవద్ద, గంజికేంద్రములవద్ద దెయ్యములున్నవను మాట వినబడినచో, పూడ్చిపెట్టబడినవారి లెక్క ఎచ్చటనైన మిగిలియున్నదా అని వెదకుటకు అది ప్రేరణ కావలెను. మెకంజీ దొర, కావలి సోదరులు సేకరింపించిన గ్రామ కైఫీయత్తులలో ఇట్టి జాడలు దొరకు అవకాశము ఎక్కువ. ఇరువదవ శతాబ్ది చివరి దశాబ్దములలో తెలుగు పల్లెల తలుపులమీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని వ్రాసికొన్న సంగతి కూడ ఇప్పుడు చరిత్రమే అయినది. ఆ వ్రాతలు చూచినవారు సజీవులై యున్నారు గనుక, వదంతి ఏ ఊరినుండి ఏ ఊరికి ప్రాకినదో విద్యార్థులు స్వయముగా గుర్తింపగల అరుదైన విషయమది.

ఇంత చేసినను తరగతిలో ఒక ప్రశ్న తప్పదు: ఇది నిజమా? దీనికి యాస్కుని నిరుక్తము చక్కని సమాధాన పద్ధతిని చూపుచున్నది. వృత్రుడెవడు అను ప్రశ్నకు నైరుక్తులు మేఘమని చెప్పుదురనియు, ఐతిహాసికులు త్వష్ట కుమారుడగు అసురుడని చెప్పుదురనియు యాస్కుడు ఉభయపక్షములను పేర్కొన్నాడు. పిదప జలములు, తేజస్సు కలియుటవలన వర్షము కలుగుననియు, యుద్ధవర్ణనము ఉపమార్థకమనియు వివరించినాడు. నీటిని అడ్డగించిన వృత్రుని గూర్చిన ఈ చర్చ, నీటిని నిలుపు కట్టను గూర్చిన కథకు ఎంత సమీపమైనదో వేరుగా చెప్పనక్కరలేదు. ఐతిహాసికుని మాటను వినిపించుట, నైరుక్తుని వివరణను చూపుట, రెండింటికిని వక్తలు వేరని తెలుపుట, ఈ క్రమము అధ్యాపకునికి చాలును. నిజము కాదని ఒక్కమాటతో త్రోసిపుచ్చినచో విద్యార్థి తన అవ్వను అబద్ధీకురాలిగా తలచును. నిజమేనని తలయూపినచో గురువును అట్లు తలచుటకు ఎంతో కాలము పట్టదు.

దెయ్యపు కథలను విద్యాలయములోనికి తెచ్చుట మూఢవిశ్వాసములకు ఊతమిచ్చుట కాదా అను ఆక్షేపము బలమైనది. బాణామతి, చేతబడి అను అనుమానముతో మనుష్యులను కొట్టి చంపిన ఘటనలు తెలుగునేలమీద జరిగినవి. అందులకే ఒక నియమమును కచ్చితముగా పాటింపవలెను. జీవించియున్న వారిపై, లేక పోల్చుకొనదగిన కుటుంబములపై నెపము మోపు కథలను తరగతిలో చదువరాదు, పత్రికలో ప్రకటింపరాదు. ఇట్టి కథ దొరకినచో అధ్యాపకుడు దానిని విడిగా భద్రపరచి, విద్యార్థిని ఆ ఇంటికి మరల పంపకుండవలెను. ఈ నియమమునకు లోబడినపుడు కథను వ్రాతలో పెట్టుట భయమును పెంచదు. ఎవరు, ఎప్పుడు, ఎవరికి చెప్పినారను ప్రశ్నల ముందు దెయ్యము నిలుచుట కష్టము. దీనికంటె మెల్లగా వచ్చు అపాయము మరొకటి కలదు. సేకరించిన కథ కళాశాల ముద్రతో అచ్చై ఊరికి తిరిగివెళ్లినపుడు అదియే ప్రామాణికమైన స్థలపురాణముగా స్థిరపడి, తక్కిన పాఠములు మాటుమణగును. కనుక ప్రకటించునపుడు పాఠభేదములన్నిటిని, చెప్పినవారి అనుమతితో వారి వివరములను, చేర్చియే ప్రకటింపవలెను. అనుమతి లేనిచోట వయస్సు, వృత్తి, ఊరు చాలును.

పరీక్షలో సైతము ముసలమ్మ త్యాగమును వర్ణింపుమను ప్రశ్నకు బదులు, ఆమె కథలో చట్రమునకు చెందినదేది, బుక్కరాయసముద్రమునకు చెందినదేది, ఏ ఆధారము దొరకినచో నీ అభిప్రాయమును మార్చుకొందువు అని అడుగవచ్చును. విద్యార్థులు వ్రాసిన సేకరణ పుస్తకములు మార్కులు వేసిన పిమ్మట పాతకాగితములలోనికి పోకుండ, గ్రామము పేరును, తేదీని వెన్నుమీద వ్రాసి కళాశాల గ్రంథాలయమున తాళపత్రముల ప్రక్కనే ఉంచవలెను.